నేనొక్కదాన్నే లేపగలిగే బండి

మా ఇంట్లో ఎవరూ ఒంటరిగా పోయి ఏదీ కొనరు. చీరైనా, గ్రైండరైనా, పాత బండైనా ఇద్దరు పోవాలి. ఒకరు అమ్మేవాళ్ళతో తమిళంలో తీయగా మాట్లాడాలి. ఇంకొకరు కాస్త వెనకగా నిలబడి, వస్తువును అటూ ఇటూ తిప్పి చూస్తూ, దానిలోని లోపాలన్నీ తెలుగులో చెప్పాలి. అమ్మేవాడికి అది అర్థం కాదు. ముందు నిలబడినవాళ్ళకు బేరం ఎక్కడ బిగించాలో తెలిసిపోతుంది. ఈ తెలివి కోయంబత్తూరు మొత్తానికి మా ఇంట్లోనే ఉందని చిన్నప్పుడు అనుకునేదాన్ని. పెద్దయ్యాక చూస్తే ఇక్కడి తెలుగు ఇళ్ళన్నిటిలోనూ ఇదే తంతు.

చిక్కేమిటంటే, ఈ ఊళ్ళో అమ్మేవాడు కూడా తెలుగువాడే అయి ఉండొచ్చు. సింగానల్లూరులో మిల్లు యజమాని మొదలుకుని మిల్లు గేటు ముందు వడలు వేసే ఆమె దాకా ఎవరింట్లో ఏ భాషో పైకి కనపడదు. అందుకని మా అమ్మ ఒక పరీక్ష పెట్టింది. బేరం మొదలుపెట్టే ముందు, తనలో తాను అనుకుంటున్నట్టుగా "వాన వచ్చేట్టుంది" అనాలి. అమ్మేవాడు తలెత్తి ఆకాశం చూశాడా, ఇక నోరు మూసుకోవాలి. చూడలేదా, ఆ అంగట్లో మన ఇష్టం. ఈ పరీక్ష తప్పడం నేను నలభై ఆరేళ్ళలో ఒక్కసారే చూశాను. ఇప్పుడు చెప్పబోయేది దాని గురించే.

మా జోడీలో నేను తమిళం, మా అన్న తెలుగు. నిజానికి తప్పులు పట్టడం నా ఉద్యోగం. తిరుప్పూరులో ఒక బనియన్ల కంపెనీలో చెకింగ్ సెక్షన్లో పాతికేళ్ళుగా పని చేస్తున్నాను. కుట్టు ఎక్కడ తప్పిందో, సూది ఎక్కడ రంధ్రం పెట్టిందో దీపం కింద పట్టి చూసి, పనికిరానిది పక్కన పడెయ్యాలి. వారమంతా నువ్వు పట్టే తప్పులు చాలు, ఆదివారం నా వంతు అనేవాడు అన్న. సింగానల్లూరులో మా ఇంటి ముందు గదిలోనే ఆయనకు రెండు లేత్ మిషన్లున్న చిన్న వర్క్‌షాపు ఉండేది. మా ఇద్దరికీ పెళ్ళిళ్ళు కాలేదు. ఎందుకు కాలేదని అడిగేవాళ్ళకు అన్న ఒక కారణం చెప్పేవాడు, నేను ఇంకొకటి చెప్పేదాన్ని. అమ్మ పోయాక ఆ ఇంట్లో మేమిద్దరమే మిగిలాం. అది మాకు ఎప్పుడూ తక్కువనిపించలేదు.

ఆదివారాలు మాకొక పిచ్చి ఉండేది. అన్న దగ్గర ఎత్తైన పాత బండి ఒకటి ఉండేది. ముందు చక్రం పెద్దది, టైర్ల నిండా ముద్దలు ముద్దలుగా రబ్బరు, మట్టిదారుల కోసం చేసినది. తెల్లవారగానే దాని మీద మేట్టుపాళయం వైపు పోయేవాళ్ళం. వక్కతోటల మధ్య బాటలు, ఎండిన వాగు, కాలువ గట్టు, ఆ పైన కొండ మొదలయ్యే చోట రాళ్ళ దారి. అటవీశాఖ హద్దురాయి దాకా పోయి వెనక్కి తిరగాలి. ఎక్కేటప్పుడు అన్న నడిపేవాడు, దిగేటప్పుడు నేను. దిగడమే కష్టం, అందుకే అది నీకిస్తున్నా అనేవాడు. నేను పడని ఆదివారం లేదు. పడిన ప్రతిసారీ "నువ్వు జరుగు, నేను చూసుకుంటా" అని బండిని ఆయనే లేపేవాడు. నేను పక్కన నిలబడి చుడీదారు దులుపుకునేదాన్ని. ఒక్కసారైనా నన్ను లేపనిచ్చాడా అంటే లేదు. ఆ విషయంలో అన్న మీద నాకు ఇప్పటికీ కోపమే.

రెండేళ్ళ కింద ఒక మధ్యాహ్నం, అన్న వర్క్‌షాపులో టీ గ్లాసు చేతిలో పెట్టుకుని స్టూలు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. నేను తిరుప్పూరులో ఉన్నాను. దాని గురించి ఇంతకంటే రాయలేను.

ఆ తర్వాత కొన్నాళ్ళకు ఒక సంగతి గమనించాను. నేను తెలుగు మాట్లాడటం లేదు. కంపెనీలో తమిళం, బీహారు నుంచి వచ్చిన అమ్మాయిలతో వచ్చీరాని హిందీ. మదురై వైపు చుట్టాలు పిల్లల చదువుల కోసమని ఎప్పుడో తమిళానికి మారిపోయారు. ఫోన్లో నేను తెలుగులో ఒక మాటంటే జవాబు తమిళంలో వచ్చేది. సాయంత్రం తాళం తీసి ఇంట్లోకి వస్తే మళ్ళీ పొద్దున దాకా నోరు తెరవాల్సిన పని లేదు. తెలుగు అక్షరాలు నేను ఆ సంవత్సరమే నేర్చుకున్నాను, ఒకటో తరగతి పుస్తకం తెప్పించుకుని. మాట్లాడేవాళ్ళు లేకపోతే రాసైనా చూద్దామనిపించింది.

అన్న పోయిన మూడు నెలలకు ఆయన బండి తీసి ఒక్కదాన్నే బయలుదేరాను. కాలువ గట్టు మీద, ఏ రాయీ రప్పా లేని చోట ఆగి, కాలు కింద పెట్టబోతే నేల అందలేదు. బండి పక్కకు ఒరిగి పడిపోయింది. దాన్ని లేపలేకపోయాను. హ్యాండిలు పట్టి లాగాను, సీటు కింద చేతులు పెట్టి లాగాను, నోటికొచ్చినట్టు తిట్టాను. గంటన్నర ఆ గట్టు మీద, పడిపోయిన బండి పక్కన కూర్చున్నాను. చివరికి అరటిగెలలు కొట్టే కూలీలు ఇద్దరు వచ్చి నిమిషంలో లేపి నిలబెట్టారు. వాళ్ళలో పెద్దాయన, ఒక్కదానివే ఉన్నప్పుడు నీకు ఇదెందుకమ్మా అని తమిళంలో మెల్లగా అడిగాడు. మంచి మనసుతోనే అడిగాడు. అందుకే ఆ మాట నన్ను వదల్లేదు. మరుసటి వారం బండి అమ్మేశాను.

తర్వాత ఏడాది పైగా ఆదివారాలు ఇల్లు కడిగాను. కడిగిన ఇంటినే మళ్ళీ కడిగాను. ఒక ఆదివారం బకెట్ పక్కన పెట్టి గడప మీద కూర్చుని ఒక నిశ్చయానికి వచ్చాను. ఇంకొక బండి కొంటాను. కానీ పడితే నేనొక్కదాన్నే లేపగలిగేదే కొంటాను. అలాంటిది దొరక్కపోయినా, లేపడం నా వల్ల కాదని తేలిపోయినా, హెల్మెట్ ఎవరికైనా ఇచ్చేసి ఆ కొండల వైపు మళ్ళీ చూడను. ఇంజను ఎంత పెద్దది, ఎంత వేగం పోతుంది, ఏ కంపెనీది అనేవి నాకు పట్టలేదు. కింద పడుకోబెట్టి లేపి చూడాలి, అంతే.

ఫోన్లో పాత బండ్ల ప్రకటనలు చూడటం మొదలుపెట్టాను. మొదటిది ఊళ్ళోనే దొరికింది. ఎంత తేలికో, చూడగానే ఆశపడ్డాను. కానీ అది పందేల కోసం చేసిన బండి. లైటు లేదు, హారన్ లేదు, నంబరు ప్లేటు లేదు, ఆర్సీ లేదు. టెంపోలో ఎక్కించుకుపోయి కొండ దగ్గర దించుకోవాలన్నాడు అమ్మేవాడు. టెంపో తోలేదెవరు, దించేదెవరు? నాకు కావలసింది మా గుమ్మం దగ్గరే స్టార్ట్ చేసి రోడ్డెక్కి పోగలిగే బండి. పోలీసు ఆపితే కాగితం చూపించగలగాలి. ఒక మనిషి, ఒక బండి, మధ్యలో ఇంకెవరి సాయమూ అక్కర్లేకుండా ఉండాలి.

రెండోది ఒక పాత బండ్ల షెడ్డులో ఉంది. దానికి కాగితాలన్నీ ఉన్నాయి. కింద పడుకోబెట్టి లేపి చూస్తానంటే షెడ్డు ఆయన పడీపడీ నవ్వాడు. లోపలున్నవాళ్ళను కూడా పిలిచి, చెప్పి, మళ్ళీ నవ్వాడు. నాకు తిక్క రేగింది. నీ దగ్గర కొన్నవాళ్ళు ఎవరూ ఇంతవరకు పడలేదా అని అడిగి వచ్చేశాను. ఆ షెడ్డులోనే ఇంకొకటి కూడా జరిగింది. చైను వైపు వంగి చూస్తుంటే నా నోటి నుంచి తెలుగు వచ్చేసింది: "పళ్ళు చూడన్నా, ఎట్ల అరిగిపోయుండాయో." వెనక్కి తిరిగితే అక్కడ ఎవరూ లేరు. సిగ్గేసింది. కానీ నోరు తెరుచుకున్నాక మళ్ళీ మూసుకోవాలని అనిపించలేదు. తమిళం నేనే, తెలుగూ నేనే అనుకున్నాను.

మూడో ప్రకటనలో ఫోటో ఒక్కటే ఉంది. వక్కచెట్ల మధ్య స్టాండు వేసి నిలబెట్టిన బండి. కింద తమిళంలో, అమ్మడానికి కారణం వయసు అని రాసుంది. బండి వయసైతే మరీ ఎక్కువ కాదు. మేట్టుపాళయం దాటాక ఒక తోట అడ్రసు. ఆదివారం బస్సెక్కాను, ఒళ్ళో హెల్మెట్ పెట్టుకుని. బండి ఎక్కడమ్మా అని కండక్టరు ఎగతాళి చేశాడు. కొనడానికే పోతున్నా అన్నాను. పక్క సీటు ఖాళీగా ఉంటే హెల్మెట్ దాని మీద పెట్టాను. కాసేపటికి ఎవరో వచ్చి కూర్చుంటే మళ్ళీ ఒళ్ళోకి తీసుకున్నాను.

తోటలో ఒక చిన్న పెంకుటిల్లు. దాని ముందు పంపుసెట్ల ముక్కలు, రాగి తీగ చుట్టలు, నూనె మరకల గోనెసంచులు. ఇంటాయనకు డెబ్బై దాటి ఉంటాయి. సన్నగా, పొడుగ్గా, చొక్కా జేబులో స్క్రూడ్రైవరుతో ఉన్నాడు. నన్ను అమ్మిణి అని పిలిచాడు, ఇక్కడ ఆడపిల్లలను పిలిచినట్టే. చుట్టుపక్కల తోటల్లో పంపులు బాగుచేసేవాణ్ణని, దారి లేని తోటలకు పోవడానికే ఈ బండి ఉంచుకున్నానని తమిళంలో చెప్పాడు. ఇంకేమీ చెప్పలేదు. నేను వాకిట్లో నిలబడి, వక్కచెట్ల పైకి చూసి, "వాన వచ్చేట్టుంది" అన్నాను. ఆయన వంగి గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు. తల ఎత్తలేదు. ఇక నాకు అడ్డు లేదు.

బండి కంటికి బాగానే ఉంది. సన్నటి నడుము, పెద్ద ముందు చక్రం, చిన్న ట్యాంకు. "ఇంతగా తుడిచి పెట్టినాడంటే యాడనో దాస్తుండాడన్నా," అన్నాను. "ఇంజను ముందే వేడి చేసి పెట్టుంటాడు." చల్లగా ఉన్నప్పుడు మొరాయించే బండిని అమ్మేవాళ్ళు అలాగే చేస్తారు. ముసలాయన వెంటనే, చెయ్యి పెట్టి చూడు అమ్మిణి, పొద్దుటి నుంచి ముట్టుకోలేదు అన్నాడు తమిళంలో. పెట్టి చూస్తే నిజంగానే చల్లగా ఉంది. మనిషి తెలివైనవాడే, నా చూపు కనిపెట్టాడు అనుకున్నాను.

అన్న చూసే వరసలోనే చూశాను. బండి ముందు భాగాన్ని గట్టిగా అదిమి వదిలితే ఫోర్కు గొట్టాల మీద నూనె మరక పడలేదు. తాళంచెవితో చక్రం ఊచలను ఒక్కొక్కటిగా కొడితే అన్నీ ఒకే మోత మోగాయి. ఇంజను రెండో కిక్కుకే లేచింది. ఫ్రేము మీది నంబరూ ఆర్సీలోని నంబరూ ఒకటే. ఎడమ వైపు కాలు పెట్టే కమ్మీ మాత్రం వంగిపోతే సరిచేసి వెల్డింగ్ పెట్టి ఉంది. "ఇదిగో, పడేసినాడు," అన్నాను. "ఈ వయసులో ఈయనకెందుకన్నా ఈ బండి? ఇంట్లో కూర్చోకూడదా?"

అది అని, ఆయన వైపు చూసి, తమిళంలో బండి బాగా చూసుకున్నారండీ అని నవ్వాను. ఆయన నవ్వలేదు. లోపలికి పోయి స్టీలు గ్లాసులో టీ తెచ్చిచ్చాడు. ఒక్క గుటక వేశాను. "చక్కెర లేదు. ఒట్టి పిసినారి," అన్నాను. ఆయన ఇంకోసారి లోపలికి పోయి చక్కెర డబ్బా, చెంచా తెచ్చి బల్ల మీద పెట్టాడు. మర్చిపోయి ఇప్పుడు గుర్తు చేసుకున్నాడనుకున్నాను. ఆయన మాత్రం టీ తాగలేదు. నేను తాగడం అయ్యాక అదే గ్లాసు కడుక్కుని, తన టీ పోసుకుని వచ్చాడు. అప్పుడు చూశాను, తలుపులోంచి లోపలికి. గూట్లో బోర్లించిన పళ్ళెం ఒకటే. కుర్చీ ఒకటే. కిటికీ కమ్మీలకు బూజు.

"ఆడమనిషి లేదన్నా ఈ ఇంట్లో," అన్నాను. "ఒక్క పళ్ళెం, ఒక్క గ్లాసు. మన ఇల్లు మాదిరే ఉండాది."

బండి వైపు తిరిగిపోయాను.

అసలు సంగతి అడగడానికి అంతసేపు పట్టింది. బండిని కింద పడుకోబెట్టి నేను లేపి చూడాలని, లేపలేకపోతే కొననని తమిళంలో చెప్పాను. నవ్వితే తిట్టి పోదామని సిద్ధంగా ఉన్నాను. ఆయన ఒక నిమిషం నా వైపు చూసి, పోయి రెండు గోనెసంచులు తెచ్చి నేల మీద పరిచాడు. పెట్రోలు ట్యాపు కట్టేశాడు. ఇద్దరం చెరో వైపు పట్టుకుని బండిని ఎడమ పక్కకు మెల్లగా పడుకోబెట్టాం. ఆయన వెనక్కి జరిగి, వక్కచెట్టుకు ఆనుకుని చేతులు కట్టుకున్నాడు.

ఫోన్లో వీడియోలు ఎన్నో చూసి వచ్చాను. పరాయి మనిషి వాకిట్లో, పరాయి చూపు కింద, ఒక్కటీ గుర్తు రాలేదు. హ్యాండిలు రెండు చేతులా పట్టి లాగాను. ముందు చక్రం తిరిగిపోయింది, బండి కదల్లేదు. సీటు కింద చేతులు దూర్చి లాగాను. జానెడు లేచి మళ్ళీ పడింది. నడుములో ఏదో కలుక్కుమంది. ఇంకోసారి లాగాను, అదీ పోయింది. ఇక మోకాళ్ళ మీద కూలబడి, సీటు మీద చెయ్యి వేసుకుని అలాగే ఉండిపోయాను. కాలువ గట్టు మీద కూర్చున్నప్పుడు ఎలా ఉందో అచ్చం అలాగే ఉంది. ఈసారి కూలీలు వచ్చినా ప్రయోజనం లేదు.

"నా చేత కాదన్నా," అన్నాను. "హెల్మెట్ ఎవురికన్నా ఇచ్చేద్దాం. పా, ఇంటికి పోదాం."

చేతులకంటిన మట్టి చుడీదారుకు తుడుచుకున్నాను.

"నడుముతో లాగొద్దు మా," అంది వెనక నుంచి ఒక గొంతు. "ఇట్ల తిరుక్కో. వీపు సీటుకు ఆనించి కూసో. హ్యాండిలు నేలపక్కకు పూరా తిప్పి పట్టుకో. ఇంగ కాళ్ళతో తొయ్యి. ఎనక్కి చిన్నచిన్న అడుగులెయ్యి."

అది అన్న గొంతు కాదు. ముసలి గొంతు, మదురై వైపు యాస. నేను వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే ఏమవుతుందో తెలియదు. చెప్పింది చెప్పినట్టు చేశాను. వీపు ఆనించి గొంతుక్కూర్చుని, కుడి చేత్తో హ్యాండిలు, ఎడమ చేత్తో వెనక కమ్మీ పట్టుకుని కాళ్ళతో తోశాను. బరువంతా తొడల మీదికి వచ్చింది. ఒక అడుగు, ఇంకొక అడుగు. బండి నా వీపు మీద కొంచెం కొంచెంగా లేస్తోంది. "ఇంగ రెండే," అన్నాడు ఆయన. సాయానికి మాత్రం రాలేదు. నాలుగో అడుగుకో ఐదో అడుగుకో బండి నిటారుగా నిలబడింది. కాలితో తడుముకుని స్టాండు వేశాను.

ముందు ఏడుపు వచ్చింది. తర్వాత సిగ్గు వచ్చింది. దాస్తుండాడు, పిసినారి, ఈ వయసులో ఎందుకు, ఆడమనిషి లేదు. గంటసేపటి నుంచి నేనన్నవన్నీ ఒక్కొక్కటే వచ్చి నా ముందు నిలబడ్డాయి. తిరిగి ఆయన ముఖం చూడటానికి బండి లేపినంత కష్టమయింది.

"వచ్చినప్పుడే చెప్పుండొచ్చు గదండీ," అన్నాను.

"చెప్పుంటే నువ్వు మాట్లాడేది నిలిపేసుందువు," అన్నాడు.

ఆయన పోయి కుర్చీ తెచ్చి నాకు వేసి, తాను గోనెసంచి మీద కూర్చున్నాడు. ఇంటావిడ పోయి నాలుగేళ్ళయిందట. అప్పటి నుంచి ఈ వాకిట్లో తెలుగు వినపడలేదు అన్నాడు. టీలో చక్కెర వెయ్యనిది తనకు షుగరు ఉండబట్టట. ఆడమనిషి లేదని నువ్వు సరిగ్గానే కనిపెట్టావు అన్నాడు. నేను తల దించుకుంటే, తప్పుగా అనలేదులే, ఉన్నదే కదా అన్నావు అన్నాడు. బండి అమ్మడానికి కారణం కూడా అప్పుడే చెప్పాడు. పోయిన ఏడాది వానల్లో ఒక తోటలో పంపు చూసి వస్తూ వాగులో పడ్డాడట. కమ్మీ వంగింది అప్పుడే. నీకు చెప్పిన కిటుకు నాకు నలభై ఏళ్ళుగా తెలుసు, కానీ కాళ్ళలో తొయ్యడానికి బలం లేదు అన్నాడు. బండి పక్కన ఒక పూటంతా కూర్చున్నాడట. నేను గట్టు మీద కూర్చున్న గంటన్నర గురించి చెప్పాను. అంతకు ముందు అది ఎవరికీ చెప్పలేదు.

"మీ అన్న ఎప్పుడు పొయినాడు?" అని అడిగాడు.

చెప్పాను. టీ గ్లాసు సంగతి, స్టూలు సంగతి, నేను తిరుప్పూరులో ఉన్న సంగతి. రాయలేనన్నవి కూడా చెప్పాను. రాయడం వేరు, నాలుగు మాటలు పక్కన ఎవరో వింటుంటే చెప్పడం వేరు.

చివరికి వాన మాట అడిగాను. పరీక్ష ఎలా తప్పిందని. ఆ ఒక్కసారి ఆయన నవ్వాడు. వాన అని వినగానే తెలిసిపోయిందట, ఇలాంటి పరీక్ష లేని ఇల్లు ఏదీ లేదు కదా అని. "మా ఆమె నీ మాదిరి మెత్తన కాదు," అన్నాడు. "నీ భుజం మీద తేలుండాది అనేది. వానంటే చూడకుండా ఉండొచ్చు. తేలంటే ఎవుడన్నా చూస్తాడు."

తర్వాత ధర మాట్లాడాల్సి వచ్చింది. అరగంట బేరమాడదామని వచ్చినదాన్ని, నోరు పెగల్లేదు. నా జన్మలో తెలుగులో బేరమాడలేదు. ఆయన ఒక ధర చెప్పాడు, న్యాయంగానే ఉంది, సరే అన్నాను. ఆర్సీ, ఇన్సూరెన్సు, పేరు మార్చడానికి సంతకం పెట్టిన కాగితాలు ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టి ఇచ్చాడు. నేను హెల్మెట్ పెట్టుకుంటుంటే, బండిలో ఏమైనా తప్పుంటే వచ్చి చెప్పమన్నాడు. ఫోన్లో చెప్తాను అన్నాను అలవాటుగా. ఫోన్లో వద్దు అన్నాడు.

ఆ తర్వాత నాలుగు ఆదివారాలు కొండ దారిలో ఒక్కదాన్నే తిరిగాను. హద్దురాయి దాకా ఎక్కాను, దిగాను. ఇప్పుడు ఎక్కడమూ నాదే. మూడుసార్లు పడ్డాను, మూడుసార్లూ లేపాను. లేపిన ప్రతిసారీ చుట్టూ చూసేదాన్ని. చూసినవాళ్ళెవరూ లేరు. అదీ బాగానే ఉంది, కానీ పూర్తిగా బాగాలేదు. ఇంటికి వచ్చి బండి కడిగి తప్పుల కోసం వెతికేదాన్ని. పాతికేళ్ళుగా తప్పులు పట్టి అన్నం తింటున్నదాన్ని, ఆ బండిలో ఒక్కటీ పట్టలేకపోయాను. చైను సరిగ్గా ఉంది. క్లచ్ సరిగ్గా ఉంది. వెల్డింగ్ పెట్టిన కమ్మీ మిగతావాటికంటే గట్టిగా ఉంది. ఏ తప్పూ లేకుండా ఎలా పోవడం? లేనిది ఉందని చెబితే పంపులు బాగుచేసిన మనిషికి చూడగానే తెలిసిపోతుంది. పైగా యంత్రం గురించి అబద్ధం చెప్పకూడదని అన్న నేర్పిన ఇల్లు మాది.

ఐదో ఆదివారం పొద్దున అన్న పెట్టె తెరిచి స్పానర్ తీసి, కుడివైపు అద్దం నట్టు కొంచెం వదులు చేశాను. సింగానల్లూరు దాటేలోపే అద్దం తిరిగిపోయింది. దారి పొడుగునా దాన్ని చేత్తో సరిచేసుకుంటూ, ఆయన ముందు ఏమేమి తిట్టాలో కూర్చుకుంటూ పోయాను.

ఆయన వాకిట్లో మోటారుకు తీగ చుడుతున్నాడు. అద్దం నిలవడం లేదని చెప్పాను. చేతిలో పని పక్కన పెట్టి లేచి వచ్చి, అద్దం పట్టుకుని చూశాడు. నట్టు మీద స్పానర్ పెట్టిన కొత్త గీత తళతళలాడుతోంది. దాన్ని వేలితో ఒకసారి తడిమాడు. జేబులు వెతికి స్పానర్ తీసి నట్టు బిగించాడు. మళ్ళీ వదులయ్యేట్టుగా, అది నాకు తెలిసేట్టుగా, ఒక చుట్టు ముందే ఆపేశాడు.

ఇద్దరం అలాగే నిలబడ్డాం. లోపల బల్ల మీద చక్కెర డబ్బా కనిపిస్తోంది, దాని పక్కన స్టీలు గ్లాసులు రెండు.

"వాన వచ్చేట్టుండాదే," అన్నాడు ఆయన, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ.

ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. నేను తలెత్తి, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని, చాలాసేపు చూశాను.